చెడ్డ మెటల్స్‌ని మాత్రమే ఏరి పట్టుకుంటుందంట, ఆ మందుకి ఎలా తెలుస్తుంది?

కూకట్‌పల్లి_కిరణ్

మా నాన్నగారికి 67 ఏళ్ళు. స్టెంట్ పడింది, మందులు వాడుతున్నారు, బాగానే ఉన్నారు. పార్కులో వాకింగ్ బ్యాచ్‌లో ఎవరో చెప్పారని ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఒక వెల్‌నెస్ క్లినిక్‌కి వెళ్ళొచ్చారు. వాళ్ళు ముందు ఏవో క్యాప్సూల్స్ మింగించి, తర్వాత కొన్ని గంటలపాటు మూత్రమంతా ఒక డబ్బాలో పట్టించి టెస్టుకి పంపారు. రిపోర్ట్ నా చేతిలో ఉంది. రంగుల కాగితం, వరసగా లోహాల పేర్లు, పక్కన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గళ్ళు, వాటి మీదుగా నల్లటి గీతలు. సీసం గీత ఎరుపు గడి కూడా దాటేసి కాగితం అంచుదాకా పోయింది. అది చూసి మా అమ్మకి రాత్రంతా నిద్ర లేదు.

ఇంకేముంది, ఒంట్లో హెవీ మెటల్స్ పేరుకుపోయాయి, గుండె బ్లాకులకి అదే మూలం, వారం వారం డ్రిప్ ఎక్కించుకోవాలి, ఆ మందు రక్తంలో తిరుగుతూ చెడ్డ మెటల్స్‌ని మాత్రమే ఏరుకుని మూత్రంలో పంపేస్తుంది అన్నారట. ప్యాకేజ్ లక్ష పైమాటే, నాన్న అడ్వాన్స్ కూడా కట్టేశారు.

డబ్బు సంగతి తర్వాత. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, కెమిస్ట్రీకి ఇంటర్‌తోనే దండం పెట్టేశాను. నాకు అర్థం కానిది ఒక్కటే. రక్తంలో కాల్షియం ఉంది, జింక్ ఉంది, ఇనుము ఉంది, అవీ లోహాలే కదా. వాటిని వదిలేసి సీసాన్ని మాత్రమే పట్టుకోవాలని ఆ మందుకి ఎవరు చెప్పారు?

మామిడికాయ_పప్పు

ముందు ఆ వాకింగ్ బ్యాచ్‌లని బ్యాన్ చేయాలి. మా మామయ్యకి గోధుమగడ్డి రసం అంటగట్టింది కూడా అక్కడే.

నైట్‌డ్యూటీ_డాక్టర్

కిరణ్ గారూ, కెమిస్ట్రీ మిగతావాళ్ళు చెప్తారు, నేను ఆ రిపోర్ట్ గురించి చెప్తా. టెస్టుకి ముందు క్యాప్సూల్స్ మింగించారు అన్నారు చూడండి, తిరకాసంతా అక్కడే ఉంది. ఇలాంటి చోట్ల మామూలుగా ఇచ్చేది డీఎంఎస్ఏ. దాని పనే ఒంట్లో ఉన్న సీసాన్ని పట్టుకుని మూత్రంలోకి తోయడం. సిటీలో బతికే ఎవరి ఎముకల్లోనైనా ఎంతో కొంత సీసం ఉంటుంది, మీకూ ఉంటుంది, నాకూ ఉంటుంది. మందు వేసి లాగితే మూత్రంలో పెరగక ఏమవుతుంది? కానీ కాగితం మీద ఆ ఆకుపచ్చ గడి గీసింది మందు వేసుకోని మనుషుల లెక్కతో. అందుకే దాదాపు ప్రతి ఒక్కరికీ ఎరుపు వస్తుంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ టాక్సికాలజీ ఈ రకం టెస్టు వద్దని ఎప్పుడో చెప్పింది.

ఏ మందూ లేకుండా, చేతి నరం నుంచి తీసిన రక్తంలో లెడ్ లెవెల్ చేయించండి. వేలికి పొడిచి తీసిన చుక్క వద్దు, చర్మం మీది దుమ్ము కలిసినా లెక్క పెరిగిపోతుంది.

కూకట్‌పల్లి_కిరణ్

డాక్టర్ గారూ, ఇప్పుడే కాగితం మళ్ళీ చూశా. కింద మూలన చీమతలకాయంత అక్షరాల్లో రెండు ముక్కలున్నాయి. శాంపిల్ మందు ఇచ్చాక తీసినది, నార్మల్ లెక్కలు మందు ఇవ్వని వాళ్ళవి. అచ్చంగా మీరు చెప్పినట్టే.

మామిడికాయ_పప్పు

చీమతలకాయ అక్షరాలకి ఒక రేటు, ఎర్ర గీతకి ఇంకో రేటు.

ఇంటర్_కెమిస్ట్రీ_మేడం

మందుకి ఏమీ తెలియదు బాబూ. మంచి లోహం, చెడ్డ లోహం అనేది మనం పెట్టుకున్న తేడా. దానికి పనిబడేది ఎలక్ట్రాన్లతోనే.

1963లో రాల్ఫ్ పియర్సన్ అనే కెమిస్ట్ ఒక పద్ధతి చెప్పాడు. అయాన్లలో గట్టివి, మెత్తవి అని రెండు రకాలు. మెగ్నీషియం, కాల్షియం, అల్యూమినియం గట్టివి, వీటి ఎలక్ట్రాన్ మేఘం బిగుసుకుపోయి ఉంటుంది, ఎంత లాగినా సాగదు. పాదరసం, కాడ్మియం, వెండి, బంగారం మెత్తవి, మేఘం ఇట్టే అటూ ఇటూ ఒరుగుతుంది. అవతల వీటితో జత కట్టేవాటిలోనూ ఇదే తేడా. ఆక్సిజన్, ఫ్లోరైడ్ గట్టివి, గంధకం, సెలీనియం మెత్తవి. గట్టిదానికి గట్టిది కుదురుతుంది, మెత్తదానికి మెత్తది. భూమిలో చూసినా అంతే. అల్యూమినియం ఆక్సైడ్ రూపంలో బాక్సైట్‌గా దొరుకుతుంది. పాదరసం దొరికేది ఇంగిలీకంగా, సీసం దొరికేది గెలీనాగా, రెండూ గంధకంతో కలిసినవే. మీ ఇంట్లో వెండి పట్టీలు నల్లబడేది కూడా గాలిలో ఉన్న కాస్తంత హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల.

ఇక ఒంట్లోకి వస్తే, ప్రోటీన్లలో సిస్టీన్ అని ఒక అమైనో ఆమ్లం ఉంది, దాని కొసన గంధకం, హైడ్రోజన్ ఉంటాయి. ఎస్‌హెచ్ గుంపు అంటాం. పాదరసం లోపలికి వస్తే వేల రకాల అణువుల మధ్య నుంచి పోయి దాన్నే పట్టుకుంటుంది. డాక్టర్ గారు చెప్పిన డీఎంఎస్ఏలో ఇలాంటి ఎస్‌హెచ్‌లు పక్కపక్కనే రెండున్నాయి, అందుకే పనిచేస్తుంది.

మామిడికాయ_పప్పు

మేడం, పట్టీలు నల్లబడ్డాయంటే కొత్తవి కొనాలి అంటోంది మా ఆవిడ. కెమిస్ట్రీ ప్రకారం అవసరం లేదని మీ పేరు చెప్పి వాదించొచ్చా?

ఇంటర్_కెమిస్ట్రీ_మేడం

నా పేరు వద్దు. అల్యూమినియం రేకు మీద పెట్టి, వంటసోడా వేసిన వేడినీళ్ళు పొయ్యి. గంధకం వదిలేస్తుంది.

తార్నాక_టెస్ట్‌ట్యూబ్

మేడం చెప్పింది మొదటి మెట్టు, కానీ కిరణ్ అడిగినదానికి అది సగం జవాబే. డ్రిప్‌లో ఎక్కించేది డీఎంఎస్ఏ కాదు, చాలాచోట్ల ఈడీటీఏ. దాంట్లో గంధకమే లేదు. రెండు నైట్రోజన్లు, నాలుగు ఆమ్లపు చేతులు, మొత్తం ఆరు చోట్ల నుంచి ఒకే అయాన్‌ని చుట్టేస్తుంది. చుట్టడానికి దానికి ఏ లోహమైనా ఒకటే. ఎంత గట్టిగా చుడుతుందన్నదే తేడా.

ఆ గట్టిదనాన్ని పదుల ఘాతాల్లో కొలుస్తారు. కాల్షియంకి ఘాతం 10.7, జింక్‌కి 16.5, సీసానికి 18, మూడు చార్జీల ఇనుముకి 25. అంటే కాల్షియం కంటే సీసాన్ని దాదాపు 2 కోట్ల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. క్లినిక్ వాడు చెప్పే "ఏరుకుంటుంది" ఇదే, అబద్ధం కాదు. కానీ రక్తంలో ఎవరెంతమంది ఉన్నారో కూడా చూడాలి కదా. సీసం డెసిలీటరుకి 10 మైక్రోగ్రాములు ఉన్న మనిషిలో కూడా, సీసం అయాన్ ఒక్కటి ఉన్నచోట కాల్షియం వేలల్లో ఉంటుంది. ఖాళీ ఈడీటీఏ నరంలోకి వెళ్ళిందంటే ముందు కాల్షియం మీదే పడుతుంది. రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోతే గుండె ఆగుతుంది.

అందుకే అసలు సీసం విషానికి వాడే మందులో ముందుగానే కాల్షియం నింపి ఇస్తారు, కాల్షియం డైసోడియం ఈడీటీఏ. సీసం ఎదురైతే కాల్షియాన్ని వదిలి సీసాన్ని పట్టుకుంటుంది, రక్తంలో కాల్షియం లెక్క చెడదు. డైసోడియం ఈడీటీఏ అనే ఇంకొకటుంది, దాంట్లో కాల్షియం ఉండదు. రెండు మందు బాటిళ్ళ మీదా పేర్లు దాదాపు ఒకటే. 2003 నుంచి 2005 మధ్య అమెరికాలో చెలేషన్ (ఇలా మందుతో లోహాల్ని పట్టించి బయటికి పంపే వైద్యం) తర్వాత కాల్షియం పడిపోయి ముగ్గురు చనిపోయారు, వాళ్ళలో ఇద్దరు పిల్లలు.

కూకట్‌పల్లి_కిరణ్

నాన్నకి ఎక్కిస్తామన్నది ఈ రెండిట్లో ఏదో అడగాలి. ఇంకో డౌట్. ఇనుముకి 25 అన్నారు, అన్నిటికంటే ఎక్కువ. మరి అది ఇనుమంతా లాగేసి మనిషిని పాలిపోయేలా చేయాలి కదా?

తార్నాక_టెస్ట్‌ట్యూబ్

మంచి ప్రశ్న. ఇనుము ఖాళీగా తిరుగుతుంటే లాగేసేదే. కానీ ఒంట్లో ఇనుము బయట తిరగదు. హీమోగ్లోబిన్‌లో ఒక చట్రంలో బిగించి ఉంటుంది, రక్తంలో ట్రాన్స్‌ఫెరిన్ దాన్ని పట్టుకుని ఉంటుంది, మిగతాది ఫెర్రిటిన్ లోపల ఉంటుంది. మందుకి అందదు. జింక్ అలా కాదు, తేలిగ్గా అందుతుంది, చెలేషన్ చేసినవాళ్ళ మూత్రంలో జింక్ బాగా పోతుంది. వాళ్ళు మెచ్చుకోలుగా చెప్పే "ఏరివేత"లో మంచి సరుకు కూడా పోతోందన్నమాట.

పాదరసం దగ్గర ఇదే కథ తిరగబడుతుంది. బీకరులో ఈడీటీఏ పాదరసాన్ని సీసం కంటే గట్టిగా పట్టుకుంటుంది, ఘాతం 21 దాటుతుంది. మరి పాదరసం విషానికి ఈడీటీఏ ఎందుకు పనికిరాదు? ఒంట్లో ఉన్న ఎస్‌హెచ్‌లు అంతకంటే గట్టిగా పట్టుకుని కూర్చుంటాయి కాబట్టి. కాగితం మీద అంకె ఎంతైనా ఉండనీ, అప్పటికే పట్టుకున్నవాడి చేతిలోంచి లాగగలదా లేదా అనేదే లెక్క.

పటాన్‌చెరు_పోరడు

నేను ఫార్మా ప్లాంట్ల చేస్త. సీసం లోపల ఏం చేస్తదో మా సేఫ్టీ ట్రైనింగ్‌ల చెప్పిండ్రు, మస్తు గుర్తుంది. రక్తం తయారవ్వాలంటే ఒక ఎంజైమ్ కావాలె, ఏఎల్ఏడీ అంటరు. దాని నడిమిట్ల మూడు సిస్టీన్లు కలిసి ఒక జింక్‌ని పట్టుకుంటయి. ఆర్టీసీ బస్సుల జింక్ కర్చీఫ్ ఏసుకుని సీట్ల కూసుంటే సీసం వచ్చి దాన్ని లేపి తనే కూసుంటది. కూసుంటే కూసున్నది, పని మాత్రం చెయ్యది. ఎంజైమ్ బంద్, రక్తం తయారుకావాల్సిన ముడిసరుకు పేరుకపోతది, అది నరాలకు మంచిది కాదు.

మామిడికాయ_పప్పు

మరి కండక్టర్ ఏం చేస్తున్నట్టు?

పటాన్‌చెరు_పోరడు

కండక్టర్ ఉన్నడు అన్నా, మేడం చెప్తరు.

ఇంటర్_కెమిస్ట్రీ_మేడం

ఉన్నాడు, మెటలోథయోనీన్. 1957లో గుర్రం మూత్రపిండంలో దొరికింది, కాడ్మియం పట్టుకుని ఉండగా. చిన్న ప్రోటీన్, అరవై చిల్లర అమైనో ఆమ్లాలు, వాటిలో 20 సిస్టీన్లే. ఏడు లోహ అయాన్లని ఒకేసారి పట్టుకోగలదు. జింక్, రాగి ఎక్కడెంత ఉండాలో చూడటంలో దాని పాత్ర ఉంది, కాడ్మియం వస్తే దాన్నీ కట్టేస్తుంది. చిక్కేమిటంటే కట్టేసింది బయటికి పోదు, మూత్రపిండాల్లోనే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. జపాన్‌లో జింజు నది ఒడ్డున కాడ్మియం కలిసిన గనుల నీళ్ళతో వరి పండించి తిన్నవాళ్ళకి వచ్చిన ఇటాయ్ ఇటాయ్ జబ్బు ఇలాంటిదే. ముందు కిడ్నీలు పోయి, తర్వాత ఎముకలు గుల్లయ్యాయి.

వంకర_ప్రశ్న

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. 2013లో టాక్ట్ అని పెద్ద ట్రయల్ జరిగింది, 1,708 మంది గుండెపోటు వచ్చినవాళ్ళ మీద. ఈడీటీఏ డ్రిప్ ఎక్కించుకున్నవాళ్ళకి లాభం కనిపించింది, షుగర్ ఉన్నవాళ్ళలో ఇంకా ఎక్కువ. అల్లోపతి వాళ్ళకి నచ్చని ఫలితం వస్తే దాని గురించి మాట్లాడరు. కిరణ్ గారి నాన్నగారు పిచ్చివారేం కాదు.

నైట్‌డ్యూటీ_డాక్టర్

పిచ్చివారని ఎవరూ అనలేదండీ. 2013 ఫలితం నిజమే, లాభం స్వల్పంగా కనిపించింది, షుగర్ ఉన్నవాళ్ళలో గట్టిగా కనిపించింది. అందుకే దాన్ని తీసి పారేయకుండా షుగర్ ఉండి గుండెపోటు వచ్చినవాళ్ళ మీదే మళ్ళీ చేశారు, టాక్ట్2. ఫలితం 2024లో వచ్చింది. రక్తంలో సీసం సగానికి పైగా తగ్గింది, గుండెపోట్లూ మరణాలూ మాత్రం తగ్గలేదు. మందు లోహాన్ని పట్టుకోవడం, పేషెంట్ బాగుపడటం రెండూ వేరు వేరు. మొదటిది మూత్రంలో కొలిచేయొచ్చు కాబట్టి క్లినిక్‌లు దాన్నే చూపిస్తాయి.

వంకర_ప్రశ్న

ఒక ట్రయల్‌లో రాలేదని మూసేస్తారా? మోతాదు మారిస్తే, ఇంకొన్ని సిట్టింగ్స్ ఇస్తే? నేను ఒప్పుకోను.

నైట్‌డ్యూటీ_డాక్టర్

ఒప్పుకోకండి, కానీ పరిశోధన ఖర్చు పరిశోధకులు పెట్టుకోవాలి, కిరణ్ వాళ్ళ నాన్నగారు కాదు.

పాతబస్తీ_సలీం

ఇంత చదివాక టెన్షన్ వచ్చింది. మా ఇంట్లో పిల్లలకి పుట్టిన నలభయ్యో రోజు నుంచి కళ్ళకి సుర్మా పెడతారు, నానీ అలవాటు. చార్మినార్ దగ్గర రాయి కొని రోట్లో నూరేది. అది కూడా సీసమేనా?

తార్నాక_టెస్ట్‌ట్యూబ్

సలీం భాయ్, నల్లగా బరువుగా మిలమిలా మెరిసే రాయి అయితే చాలావరకు గెలీనాయే, అంటే సీసం సల్ఫైడ్. మేడం పైన చెప్పినదే. గంధకంతో ఉంది కదా, కరగదు కదా అనుకోవద్దు. పిల్లలు కళ్ళు నులుముకుని ఆ చెయ్యే నోట్లో పెట్టుకుంటారు, కడుపులో ఆమ్లానికి కొంత కరుగుతుంది. ఒంట్లో ఇనుము తక్కువగా ఉన్న పిల్లలైతే ఇంకా ఎక్కువ లాక్కుంటారు, ఎందుకంటే పేగుల్లో ఇనుముని లోపలికి తీసుకెళ్ళే దారినే సీసం కూడా వాడుకుంటుంది. మానేయండి. ఒకసారి రక్తం టెస్ట్ చేయించండి, పిల్లల్లో డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు దాటితే ఆలోచించాల్సిందేనని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి అంటోంది, 5 దాటితే ఎక్కడి నుంచి వస్తోందో వెతకమని డబ్ల్యూహెచ్ఓ చెప్తోంది. క్షేమం అని చెప్పగలిగే లెవెల్ అంటూ ఏదీ లేదు.

పాతబస్తీ_సలీం

షుక్రియా. నానీని ఒప్పించడం సీసాన్ని ఎముకలోంచి లాగడం కంటే కష్టం, అయినా మొదలుపెడతా.

రసశాస్త్ర_ప్రియుడు

ఇక్కడ ఎవరైనా రసౌషధాలు అంటారని ఎదురుచూశా, ఎవరూ అనలేదు కాబట్టి నేనే అంటా. మన ఆయుర్వేద రసశాస్త్రంలో పాదరసాన్ని శుద్ధి చేసి గంధకంతో నూరి, పుటం పెట్టి వాడతారు. అప్పుడది విడి పాదరసం కాదు, గంధకంతో కట్టుబడిపోయినది. మేడం చెప్పిన మెత్తది మెత్తది సూత్రమే. మన పెద్దలకి ఇది ముందే తెలుసు.

ఇంటర్_కెమిస్ట్రీ_మేడం

పాదరసం గంధకంతో కలిస్తే చాలా తక్కువ కరుగుతుందన్నది నిజం, ఆ నూరడం వెనక చక్కటి పరిశీలన ఉందన్నదీ నిజం. సీసానికి, ఆర్సెనిక్‌కి మాత్రం ఆ ధీమా చెల్లదు.

నైట్‌డ్యూటీ_డాక్టర్

మా వార్డుకి వచ్చేవాళ్ళు శాస్త్రం ప్రకారం చేసింది తిని రారు, పొట్లంలో పేరు లేని పొడి తిని వస్తారు. కడుపునొప్పి, రక్తం తక్కువ, ఎన్ని టెస్టులు చేసినా ఏమీ దొరకదు, చివరికి లెడ్ లెవెల్ చూస్తే బయటపడుతుంది. 2008లో ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందులు కొని పరీక్షిస్తే దాదాపు ఐదో వంతులో సీసమో, పాదరసమో, ఆర్సెనికో దొరికింది. నోటితో మందు ఏం వాడుతున్నారో డాక్టర్‌కి చెప్పండి, అంతే.

రసశాస్త్ర_ప్రియుడు

పొట్లం పొడికీ శాస్త్రానికీ సంబంధం లేదు. ఆ మాట మాత్రం రాయండి.

నైట్‌డ్యూటీ_డాక్టర్

రాశాను కదండీ, మొదటి వాక్యమే అది.

మణికొండ_వదిన

మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో కొత్తిమీర రసం పరగడుపున తాగితే మెటల్స్ అన్నీ పోతాయని రోజూ ఫార్వర్డ్ వస్తుంది. రోజూ కట్ట కొంటున్నా. వేస్టేనా?

నైట్‌డ్యూటీ_డాక్టర్

మనుషుల్లో పనిచేస్తుందనే గట్టి ఆధారం లేదండీ. పచ్చడి చేసుకోండి.

పటాన్‌చెరు_పోరడు

వదినా, ఆ కొత్తిమీర యాడ పండిందో గూడ సూడు. మా దిక్కు నక్కవాగు పొంటి మట్టిల సీసం, ఆర్సెనిక్, క్రోమియం ఉన్నయని భూమి మీద పరిశోధన చేసే ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు ఎన్నడో పరీక్ష చేసి చెప్పిండ్రు. మెటల్స్ తీసేటందుకు తాగే రసంల మెటల్స్ ఉంటే ఇగ ఏం జెప్తవ్.

నల్గొండ_నీళ్ళు

గట్టి మెత్త అంటుంటే మా ఊరి సంగతి గుర్తొచ్చింది. మాకు ఫ్లోరైడ్ బాధ తరతరాలది. బోరు నీళ్ళలో పటిక, సున్నం వేసి కలిపి తేర్చే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు, నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్ళు తయారుచేశారు. ఇప్పుడర్థమైంది, పటికలో అల్యూమినియం గట్టిది, ఫ్లోరైడ్ గట్టిది, అందుకే పట్టుకుంటుంది. అల్యూమినియం బదులు వెండి వేస్తే ఏమీ అయ్యేది కాదన్నమాట.

ఇంటర్_కెమిస్ట్రీ_మేడం

అవును. ఎముకల్లోకి ఫ్లోరైడ్ చేరేది కూడా అందుకే, అక్కడ ఉన్నది కాల్షియం.

వంకర_ప్రశ్న

సరే మేడం, మీ సూత్రానికి ఇది చెప్పండి. సీసం గంధకం వైపు మొగ్గుతుంది అన్నారు. మరి ఒంట్లో సీసంలో 90 శాతానికి పైగా ఎముకల్లో ఎందుకుంటుంది? ఎముకల్లో గంధకం ఎక్కడుంది? అక్కడున్నది ఫాస్ఫేట్, గట్టి సరుకు.

తార్నాక_టెస్ట్‌ట్యూబ్

ఈసారి వంకర ప్రశ్న కాదు, సూటి ప్రశ్నే. సీసం మెత్తది కాదు, మధ్యరకం. రెండు వైపులా ఆడగలదు. చార్జీ కాల్షియంలాగే రెండు, సైజు కాస్త పెద్దది కానీ ఎముక స్ఫటికంలో కాల్షియం చోట పట్టేస్తుంది. ఫాస్ఫేట్‌తో కలిస్తే అంత తేలిగ్గా కరగదు కూడా. అందుకే రక్తంలో సీసం నెల రోజుల్లో సగమైతే, ఎముకలోది తగ్గడానికి దశాబ్దాలు పడుతుంది. కాల్షియం పంపకంలో దూరడం వల్లే నరాల్లోనూ గొడవ చేస్తుంది.

గట్టి మెత్త తోనే అన్నీ తేలవు. థాలియం ఉంది, అది పొటాషియంలా నటిస్తూ కణాల్లోకి పోతుంది. దానికి విరుగుడు ప్రష్యన్ బ్లూ, అవును, పెయింట్‌లో నీలం రంగే. దాని స్ఫటికంలో గదులుంటాయి, థాలియం, సీజియం వాటిలో ఇరుక్కుని మలంలో పోతాయి. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో రేడియోధార్మిక సీజియం జనం చేతుల్లో పడినప్పుడు వాళ్ళకి ఇచ్చింది ఇదే. అక్కడ పనిచేసింది సైజు.

మామిడికాయ_పప్పు

ఎవరూ నీలం పెయింట్ తాగకండి, గ్రూప్‌లో ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఈ లైన్ కూడా చేయండి.

ఉప్పల్_పీహెచ్‌డీ

అందరూ విషం గురించే చెప్తున్నారు, మా పని చేసేవాళ్ళకి ఈ పట్టు అదృష్టం. ప్రోటీన్ ఆకారం తెలుసుకోవాలంటే స్ఫటికం మీద ఎక్స్‌రే వేస్తాం, కానీ వచ్చే చుక్కల్లో సగం సమాచారమే ఉంటుంది. 1953లో మ్యాక్స్ పెరూట్జ్ హీమోగ్లోబిన్‌కి పాదరసం తగిలించాడు. పాదరసం పోయి ఎక్కడంటే అక్కడ అతుక్కుంటే పని చెడేది, కానీ అది సిస్టీన్ల దగ్గర మాత్రమే, ప్రతి అణువులో అదే చోట కూర్చుంది, ప్రోటీన్ ఆకారమూ చెడలేదు. బరువైన అణువు కాబట్టి చుక్కల తీవ్రత మారింది, ఆ తేడాలోంచి మిగతా సగం లాగాడు. 1962లో నోబెల్.

నేను కూడా ఇప్పుడు స్ఫటికాల్ని పాదరసం లవణంలో నానబెట్టి చూస్తున్నా. ఎక్కువసేపు ఉంచితే పగిలిపోతున్నాయి, తక్కువసేపు ఉంచితే పట్టడం లేదు. గైడ్ మాత్రం పేపర్ ఎప్పుడు అంటున్నారు.

మణికొండ_వదిన

మా అక్కకి కీమోలో సిస్‌ప్లాటిన్ ఇచ్చారు. అది ప్లాటినం అని అప్పట్లో విని, నగలకి వాడేదాన్ని నరంలోకి ఎక్కిస్తారా అని భయపడ్డాం. అది కూడా ఇలా ఏరుకునేదేనా?

నైట్‌డ్యూటీ_డాక్టర్

అవునండీ. ప్లాటినానికి రెండు క్లోరైడ్‌లు తగిలించి ఉంటాయి. రక్తంలో క్లోరైడ్ ఎక్కువ కాబట్టి అవి ఊడవు, మందు నిమ్మళంగా ఉంటుంది. కణం లోపల క్లోరైడ్ తక్కువ, అక్కడ ఊడతాయి, ప్లాటినం పోయి డీఎన్ఏలో గ్వానిన్ అనే అక్షరం మీద ఒకే ఒక నైట్రోజన్‌ని పట్టుకుంటుంది. పక్కపక్క గ్వానిన్‌లు రెండింటినీ కలిపి కట్టేస్తే డీఎన్ఏ వంగిపోతుంది, కణం విడిపోలేక చస్తుంది. అయితే క్యాన్సర్ కణమేదో మంచి కణమేదో దానికీ తెలియదు, త్వరత్వరగా విడిపోయే కణాలకి దెబ్బ ఎక్కువ. కిడ్నీలకి కూడా. మీ అక్కగారికి ముందూ వెనకా అన్ని సెలైన్లు ఎక్కించింది అందుకే.

మణికొండ_వదిన

ఇన్నాళ్ళకి ఎవరైనా చెప్పారు. అక్క ఇప్పుడు బాగుంది.

ఈసీఐఎల్_బ్యాటరీ

మా నాన్న కాలం నుంచి బ్యాటరీ ప్లేట్లు కరిగించే షెడ్. నాకు అప్పట్లో లెవెల్ 50 దాటితే పెద్దాసుపత్రిలో చెలేషన్ చేశారు. తగ్గింది. మళ్ళీ షెడ్‌కి పోయా, మళ్ళీ పెరిగింది. పోనీ షెడ్ మానేసినా, ఎముకలోంచి రక్తంలోకి వస్తూనే ఉంటుంది అన్నారు. నిజంగా సీసం ఎక్కినోళ్ళకి ఆ మందు కావాలి, పార్కులో నడిచేవాళ్ళకి ఎందుకు? పని బట్టలు ఇంట్లోకి తేవద్దు, చేతులు కడక్కుండా బీడీ తాగొద్దు, ఇది చెప్పేవాడు లేడు మాకు.

నైట్‌డ్యూటీ_డాక్టర్

ఈసీఐఎల్ అన్న చెప్పిందే అసలు మాట. సీసం వచ్చే దారి మూయకుండా మందు ఎక్కిస్తే లాభం లేదు, కొన్నిసార్లు నష్టం. డైమెర్‌కాప్రాల్ అని పాత మందు ఉంది, రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్సెనిక్ గ్యాస్‌కి విరుగుడుగా ఆక్స్‌ఫర్డ్‌లో తయారుచేశారు. దాన్ని మిథైల్ పాదరసం కేసులో వాడితే పాదరసం మెదడులోకి ఇంకా ఎక్కువ చేరుతుంది. పట్టుకోవడం ఒక్కటే చూస్తే చాలదు, పట్టుకుని ఎక్కడ దింపుతుందో చూడాలి.

కూకట్‌పల్లి_కిరణ్

అప్‌డేట్. క్యాప్సూల్ లేకుండా రక్తం తీయించాం, 2.8 వచ్చింది. గుండె డాక్టర్ గారు చూసి దీనికి చెలేషన్ అవసరం లేదు, ఉన్న మందులు మానకండి అన్నారు. డ్రిప్‌లో ఏ ఈడీటీఏ అని క్లినిక్‌లో అడిగితే రిసెప్షన్ అమ్మాయి "మా ఓన్ ఫార్ములా సార్" అంది. అడ్వాన్స్ వెనక్కివ్వరంట, కావాలంటే విటమిన్ సి డ్రిప్ ప్యాకేజ్‌లో అడ్జస్ట్ చేస్తారంట.

మామిడికాయ_పప్పు

దానికి కూడా ముందు క్యాప్సూల్, వెనక ఎర్ర గీత ఉంటాయేమో అడుగు.

తార్నాక_టెస్ట్‌ట్యూబ్

రసీదు దాచి ఉంచు. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే ఆ చీమతలకాయ అక్షరాలే పనికొస్తాయి.

కూకట్‌పల్లి_కిరణ్

దాచా. ఈ చర్చంతా నాన్నకి చదివి వినిపించా. వంకర_ప్రశ్న గారి పోస్టులు ఆయనకి బాగా నచ్చాయి. ఇప్పుడు ఆయన అడుగుతున్నారు, రాత్రి రాగి చెంబులో పోసిన నీళ్ళు పొద్దున్నే తాగొచ్చా, అదీ లోహమే కదా అని.

ఇంటర్_కెమిస్ట్రీ_మేడం

నీళ్ళయితే తాగమను, ఒంటికి రాగి కొంచెం కావాలి. మజ్జిగ, నిమ్మరసం మాత్రం దాంట్లో పోయొద్దు.